దోషికి వకీలెందుకు?

రాజకీయ ఖైదీల రక్షణకోసం సంఘాలు పెట్టటం, చందాలు పోగుచెయ్యటం, వకీళ్లను కుదర్చటం అభ్యుదయవాదులకు కొత్త పని కాదు. నమ్మిన సిద్ధాంతంకోసం జైలుకు వెళ్లినవాని పక్షాన నిలబడటానికి మనం వేరే కారణం వెతుక్కోనక్కర లేదు. అతడు మనవాడు. కాని అదే జైలులో, అతని పక్క గదిలోనే, దొంగనోట్లు మార్చినవాడు ఒకడుంటాడు. మత్తుమందులు అమ్మినవాడు ఒకడుంటాడు. బాంకు దోచినవాడు ఒకడుంటాడు. వాళ్లు నేరం చేసినమాట నిజం, కోర్టు దోషులని తేల్చినమాట నిజం. వాళ్లకు కూడా వకీలు కావాలా? కావాలంటే ఎవరి ఖర్చుతో, ఏ ధర్మం ప్రకారం?

మా కళాశాల చర్చావేదికలో ఒక విద్యార్థి ఈ ప్రశ్న సూటిగా అడిగాడు. "నిర్దోషికి వకీలుండాలి మాస్టారూ, ఒప్పుకుంటాను. నేరం రుజువై శిక్షపడ్డవాడికి కూడా ప్రజల డబ్బుతో వకీలేమిటండీ? ఆ డబ్బుతో ఒక ఊరికి బడి రాదూ?" అడిగిన కుర్రవాడు పేదలంటే గిట్టనివాడు కాడు, పేదల డబ్బు వృథా కాకూడదనే పట్టుదలతోనే అడిగాడు. కనక దీన్ని ఛాందసుల ప్రశ్నగా కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. మనలోంచి వచ్చిన ప్రశ్నకు మనలోంచే సమాధానం రావాలి.

సాధారణంగా మూడు సమాధానాలు వినిపిస్తుంటాయి. మొదటిది దయ: పడిపోయినవాణ్ణి ఇంకా తొక్కకూడదు. రెండవది అనుమానం: శిక్షపడినవాళ్లలో నిర్దోషులు కూడా ఉండవచ్చు. మూడవది సమాజ దోషం: నేరానికి మూలం దారిద్ర్యం కనక నేరస్థుడు నిజానికి బాధితుడే. మూడింటిలోనూ నిజం ఉంది. అయినా మూడూ చాలవు. దయ ఇచ్చేవాని ఇష్టం. ఇవాళ ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు. రెండవ సమాధానం దోషిని వదిలేసి నిర్దోషిని వెతుక్కుంటూ పోతుంది. మనమడిగిన ప్రశ్న దోషిని గూర్చి. మూడవది మనిషిని పరిస్థితుల చేతి బొమ్మగా చూస్తుంది; పేదరికంలో పుట్టి నేరం చెయ్యని కోట్లమందికి అది జవాబు చెప్పలేదు.

నా సమాధానం వేరు. వకీలును కోరే హక్కు ఖైదీ మంచితనంలోంచి పుట్టదు, శిక్షించే అధికారంలోంచి పుడుతుంది. ఒక మనిషిని బంధించే అధికారాన్ని రాజ్యం చేతిలో ఉంచుకున్నంతకాలం, "ఏ చట్టం ప్రకారం బంధించావు? ఎంతకాలం? ఎందుకు?" అని అడిగే అధికారం ఆ మనిషికి ఉండాలి. అడగటం చేతకానివానికి, అతని తరఫున అడిగే మనిషిని సమకూర్చాలి. శిక్ష ఎంతకాలం సాగుతుందో జవాబుదారీ కూడా అంతకాలం సాగాలి. ఈ సూత్రాన్ని ఒక దేశపు అనుభవం మీద పెట్టి పరీక్షించి చూద్దాం.

ఆ దేశం అమెరికా. పౌరహక్కులను రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం అది. ప్రపంచంలో ఎక్కువమందిని జైళ్లలో పెట్టిన దేశాలలో ఒకటి కూడా అదే. ఈ రెండూ ఒకచోట చేరినప్పుడు హక్కు ఎంతదూరం పోతుందో, ఎక్కడ ఆగిపోతుందో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ జైళ్లు రెండు తెగలు. ఏ రాష్ట్రానికి దాని జైళ్లున్నాయి. వాటిలో పది లక్షలమందికి పైగా ఉన్నారు. అవిగాక కేంద్ర ప్రభుత్వపు చట్టాలను మీరినవారికోసం ఫెడరల్ జైళ్లున్నాయి. 1891లో చేసిన చట్టం వీటికి పునాది. లెవెన్‌వర్త్, అట్లాంటా, మెక్‌నీల్ ద్వీపం మొదటి మూడు జైళ్లు. 1930లో వీటన్నిటినీ ఫెడరల్ బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ కిందికి తెచ్చారు. ఇవాళ వీటిలో సుమారు లక్షన్నర మంది ఉన్నారు. వారిలో పదిమందికి నలుగురికంటె ఎక్కువే మత్తుమందుల నేరాలమీద వచ్చినవారు.

ఈ ఫెడరల్ జైళ్లు వామపక్షానికి కొత్తవి కావు. యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 1918లో ఉపన్యసించినందుకు సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కు పదేళ్ల శిక్ష వేశారు. 1920లో అట్లాంటా జైలులో ఖైదీగా ఉంటూనే ఆయన అధ్యక్ష పదవికి పోటీచేస్తే తొమ్మిది లక్షలమందికి పైగా ఓటు వేశారు. మన దేశస్థులు కూడా ఆ జైళ్లు చూశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1917-18లో జరిగిన కుట్రకేసులో గదర్ విప్లవకారులకు శిక్షలు పడ్డాయి. తారకనాథ్ దాస్‌ను లెవెన్‌వర్త్‌కు పంపారు. మన దరిశి చెంచయ్యగారు అమెరికాలో చదువుకుంటూ చేరిన పార్టీ అదే. శిక్ష ముగిసినవాళ్లను ఓడ ఎక్కించి పంపితే బ్రిటిష్ ప్రభుత్వం చేతిలో పెట్టినట్లే. అది జరగకుండా అడ్డుకోవటానికి 1919లో ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రీడమ్ ఫర్ ఇండియా అనే సంఘం ఏర్పడింది. ఆగ్నెస్ స్మెడ్లీ అందులో పనిచేసింది.

సహాయం చేసినవాళ్లను కూడా రాజ్యం వదల్లేదు. కమ్యూనిస్టు నాయకుల మీద 1949లో జరిగిన విచారణలో ముద్దాయిల తరఫున వాదించిన అయిదుగురు న్యాయవాదులకే కోర్టు ధిక్కార నేరం కింద జైలుశిక్ష పడింది. 1951లో నవలాకారుడు డాషియెల్ హామెట్‌ను జైలుకు పంపారు. ఆయన చేసిన నేరం ఒక్కటే: జామీను నిధికి చందాలిచ్చినవాళ్ల పేర్లు చెప్పనన్నాడు. పేర్లు చెప్పి ఉంటే ఆ రోజే ఇంటికి పోయేవాడు. చెప్పలేదు, దాదాపు అయిదు నెలలు ఫెడరల్ ఖైదీగా గడిపాడు. ఖైదీకి న్యాయసహాయం చెయ్యటం ఎంత ప్రమాదకరమైన పనో రాజ్యానికి బాగా తెలుసునని ఈ ఉదంతాలు చెపుతున్నాయి.

గౌరవించదగిన చరిత్రే ఇది. కాని ఇందులో ఒక చిక్కుంది. వీళ్లంతా మనవాళ్లు. వీళ్ల పక్షం వహించటానికి సూత్రం అక్కరలేదు, అభిమానం చాలు. అభిమానం ఆగిపోయినచోట సూత్రం పనిచేస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష. డెబ్స్ ఆ పరీక్షలో నెగ్గాడని నేననుకుంటాను. ఆయన చనిపోయిన తర్వాత 1927లో అచ్చయిన జైలు గ్రంథంలో ఆయన ఎక్కువగా రాసింది తన త్యాగాన్ని గూర్చి కాదు. తనతో ఉన్న మామూలు నేరస్థులను గూర్చి, పేదవాణ్ణే ఏరుకొనే జైలు స్వభావాన్ని గూర్చి.

ఇప్పుడు దొంగనోట్లవాని సంగతి చూద్దాం. 1934లో అమెరికా నౌకాదళ సైనికులు ఇద్దరు దొంగ ఇరవై డాలర్ల నోట్లు చలామణి చేశారని పట్టుబడ్డారు. వకీలును పెట్టుకొనే స్తోమత లేదు. 1935 జనవరిలో ఒకే ఒక్క రోజున వాళ్లకు ఆరోపణ చదివి వినిపించటం, విచారణ, తీర్పు, నాలుగున్నరేళ్ల శిక్ష అన్నీ పూర్తయ్యాయి. అట్లాంటా జైలుకు చేరి, సంగతి తెలుసుకొని, అప్పీలుకు ప్రయత్నించేసరికి గడువు దాటిపోయింది. వారిలో జాన్సన్ అనే అతడు తన నిర్బంధాన్నే ప్రశ్నిస్తూ హెబియస్ కార్పస్ దరఖాస్తు పెట్టుకున్నాడు. దానిమీద 1938లో సుప్రీంకోర్టు, ముద్దాయి తెలిసి తెలిసి వద్దనుకుంటే తప్ప ఫెడరల్ కోర్టులో వకీలు లేకుండా ఎవరినీ శిక్షించరాదని తీర్పు చెప్పింది. రాష్ట్రాల కోర్టులకు ఇంచుమించు ఇదే సూత్రం వర్తించటానికి మరో పాతికేళ్లు పట్టింది. అది 1963లో ఫ్లోరిడా ఖైదీ గిడియన్ జైలునుంచి పెన్సిలుతో రాసుకున్న దరఖాస్తు ఫలితం.

ఇందులో మనం గమనించవలసిన విషయమొకటుంది. దొంగనోట్ల కేసులో ఇరుక్కున్నవాడు సాధించిన ఆ హక్కును తర్వాతి కాలంలో ఫెడరల్ కోర్టుకెక్కిన రాజకీయ ముద్దాయి కూడా అనుభవించాడు. మన వీరులకు మాత్రమే హక్కులు అడిగి, దొంగలకు అక్కరలేదనటం ఎవరు తవ్విన బావిలో నీళ్లు తాగుతున్నామో మరిచిపోవటమే. పైగా ఎవరు వీరుడో ఎవరు దొంగో నిర్ణయించే అధికారం మన చేతిలో లేదు. రాజ్యం దృష్టిలో డెబ్స్ నేరస్థుడే, హామెట్ నేరస్థుడే. నేరస్థునికి లేని హక్కు వాళ్లకు ఎక్కడనుంచి వస్తుంది?

అయితే ఆ హక్కు ఎంతదూరం వెళుతుంది? విచారణలో వకీలు ఉంటాడు. 1964లో వచ్చిన చట్టం ప్రకారం పేద ముద్దాయి తరఫున వాదించే వకీలుకు ఫెడరల్ ప్రభుత్వమే ఫీజు ఇస్తుంది. మొదటి అప్పీలుకు కూడా వకీలు ఉంటాడు. అప్పీలు కొట్టివేస్తే, అక్కడితో సరి. ఆ పైన రాజ్యాంగపరంగా వకీలును కోరే హక్కు ఖైదీకి లేదని 1987లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇష్టమైతే న్యాయమూర్తి నియమించవచ్చు, లేకపోతే లేదు. పదేళ్లో ఇరవై ఏళ్లో సాగే శిక్షలో మొదటి రెండు మూడేళ్లు మాత్రమే వకీలు తోడుంటాడన్నమాట. తర్వాత ఖైదీ, గోడ, చట్టం పుస్తకం.

ఆ చట్టం పుస్తకం కూడా సుళువుగా దొరికింది కాదు. ఖైదీలకు న్యాయ గ్రంథాలయమో, చట్టం తెలిసినవాళ్ల సహాయమో కల్పించి తీరాలని 1977లో సుప్రీంకోర్టు అన్నది. 1996 వచ్చేసరికి గాలి మళ్లింది. ఆ ఒక్క సంవత్సరంలో నాలుగు తలుపులు మూసుకున్నాయి. గ్రంథాలయం లేదని ఫిర్యాదు చేసే ఖైదీ, అది లేనందువల్ల తన కేసుకు నిజంగా నష్టం జరిగిందని రుజువు చేసుకోవాలని కోర్టు చెప్పింది. తుది తీర్పు వెలువడిన ఏడాదిలోగానే శిక్షను సవాలుచేసే దరఖాస్తు పడాలని, రెండవ దరఖాస్తుకు పైకోర్టు అనుమతి కావాలని ఒక చట్టం వచ్చింది. జైలు పరిస్థితుల మీద దావా వేసే ఖైదీ ఎంత పేదవాడైనా, వాయిదాల మీదనైనా సరే, కోర్టు ఫీజు మొత్తం చెల్లించాలని మరో చట్టం వచ్చింది. కేంద్రనిధులు పుచ్చుకొనే న్యాయసహాయ సంస్థలు ఖైదీల తరఫున సివిల్ దావాలు నడపరాదని నిషేధం వచ్చింది.

ఆ ఫీజు లెక్క ఒకసారి వేసి చూడండి. ఫెడరల్ జైలులో వంట, ఊడ్పు, బట్టల ఉతుకు వంటి పనులకు గంటకు 12 సెంట్ల నుంచి 40 సెంట్ల దాకా కూలి. దావాకు కట్టవలసిన ఫీజు 350 డాలర్లు. 12 సెంట్లవాడు దానికోసం 2,900 గంటలకు పైగా పనిచెయ్యాలి. చట్టం ముందు అందరూ సమానులే. గుమ్మంలో ఉన్న వసూలుదారు ముందు మాత్రం కాదు.

"ఇంతకూ అతడు దోషే గదా!" అనే మాట మళ్లీ వస్తుంది. దోషం వేరు, శిక్ష వేరు అని గ్రహించకపోవటంవల్ల వచ్చే మాట ఇది. దీనికి మత్తుమందుల చట్టం చరిత్రకంటె మంచి ఉదాహరణ లేదు. 1986లో చేసిన చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ కొకెయిన్ అమ్మినవానికి కనీసం అయిదేళ్ల జైలు. పొడి కొకెయిన్ అయితే అదే శిక్షకు 500 గ్రాములు కావాలి. సరుకు ఒకటే, ఒకటి వండినది, మరొకటి వండనిది. చెంచాడు క్రాక్‌కూ అరకిలో పొడికీ ఒకే శిక్ష. క్రాక్ కేసుల్లో శిక్షపడినవారిలో అత్యధికులు నల్లజాతివారు. శిక్షాకాలం మధ్యలో పరిశీలించి విడుదల చేసే పెరోల్ పద్ధతిని కూడా 1984 చట్టం ఎత్తివేసింది. 1987 నవంబరు తర్వాత నేరం చేసినవారికి అది లేదు. ఈ అన్యాయం పాతికేళ్లు సాగిన తర్వాత 2010లో నూటికి ఒకటిగా ఉన్న తేడాను పద్దెనిమిదికి ఒకటిగా తగ్గించారు. ఆ తగ్గింపు అప్పటికే శిక్షపడి లోపల ఉన్నవారికి వర్తించటానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది.

2018 తర్వాత వేలాదిమందికి శిక్షలు తగ్గాయి. వాళ్ల నేరంలో ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. చట్టమే తన త్రాసు తప్పని ఒప్పుకున్నది. అయితే ఒప్పుకున్నంత మాత్రాన తలుపులు వాటంతట అవి తెరుచుకోలేదు. ఒక్కొక్క ఖైదీకోసం కోర్టులో ఒక్కొక్క దరఖాస్తు పడాలి. తీర్పులో ఏ సెక్షను రాశారో, తూకం ఎంత చూపారో వెతికి తియ్యాలి. ఆ పని ప్రభుత్వ రక్షణ న్యాయవాదులు చేశారు, స్వచ్ఛందంగా వచ్చిన వకీళ్లు చేశారు, కొందరు ఖైదీలు స్వయంగా చేసుకున్నారు. వీళ్లందరూ దోషులే. దోషులకు వకీలెందుకని ఊరుకుని ఉంటే, తప్పని చట్టమే ఒప్పుకున్న శిక్షను వాళ్లు చివరిదాకా అనుభవించి ఉండేవాళ్లు.

దీనికి వ్యతిరేక దిశలో నడిచిన ఉదాహరణ కూడా ఉంది. నేరచరిత్ర ఉన్నవాని దగ్గర తుపాకి ఉండటం ఫెడరల్ చట్టం కింద నేరం. తాను ఆ నిషేధం వర్తించే వర్గానికి చెందినవాణ్ణన్న సంగతి ముద్దాయికి తెలుసునని ప్రభుత్వం రుజువు చెయ్యాలని 2019లో సుప్రీంకోర్టు అన్నది. అంతకుముందు శిక్షపడ్డవాళ్ల మాటేమిటి? జోన్స్ అనే ఖైదీ ఆ ప్రశ్న వేశాడు. అతడు తన మొదటి దరఖాస్తు అవకాశాన్ని ఏనాడో వాడుకున్నాడు కనక రెండవసారి అడిగే దారి లేదని 2023లో ఆరుగురు న్యాయమూర్తులు అన్నారు, ముగ్గురు కాదన్నారు. చట్టం సరైన అర్థం ప్రకారం తాను నేరస్థుణ్ణే కానని చెప్పుకోవటానికి కూడా తలుపు లేదన్నమాట. శిక్ష సాగుతూనే ఉంది, జవాబుదారీ ఆగిపోయింది. నేను పైన చెప్పిన సూత్రం తలకిందులైతే ఎలా ఉంటుందో చూడదలచినవారికి ఈ ఒక్క తీర్పు చాలు.

ఇంకొక సంగతి. ఫెడరల్ కేసుల్లో నూటికి 97 శిక్షలు విచారణ జరిగి పడినవి కావని, ముద్దాయి నేరం ఒప్పుకొని సంతకం చేసినవని 2012లో సుప్రీంకోర్టే పేర్కొన్నది. విచారణ కోరి ఓడిపోతే ఇరవై ఏళ్లు, ఇప్పుడే ఒప్పుకుంటే ఏడేళ్లు అన్నప్పుడు మనిషి సంతకం చేస్తాడు. అనేక ఒప్పందాలలో అప్పీలు చెయ్యనని కూడా రాయించుకుంటారు. సాక్షిని ఎవరూ ప్రశ్నించని, వాదోపవాదాలు లేని ఈ పద్ధతిలో "కోర్టు అంతా విచారించి తేల్చింది గదా" అనే మాటకు బలమెంత?

వకీలు దొరకనిచోట ఖైదీలే వకీళ్లవుతున్నారు. తోటి ఖైదీలకు దరఖాస్తులు రాసిపెట్టినందుకు టెనెసీ రాష్ట్రంలో ఒక ఖైదీని శిక్షాగదిలో పెట్టారు. వేరే సహాయం చూపించనంతకాలం ఈ సహాయాన్ని నిషేధించే అధికారం జైలుకు లేదని 1969లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. ఇల్లినాయి రాష్ట్రంలోని ఒక ఫెడరల్ జైలులో, బాంకు దోపిడీకి శిక్షపడి గ్రంథాలయంలో పనిచేస్తున్న ఖైదీ తన మిత్రుని కోసం సుప్రీంకోర్టుకు దరఖాస్తు రాశాడు. కోర్టు దాన్ని స్వీకరించి 2004లో న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా ఆ మిత్రుని పక్షాన నిలిచారు. కేసులోని ప్రశ్న ఏమిటంటే, అభియోగం దాఖలైన తర్వాత వకీలు లేకుండా పోలీసులు ప్రశ్నించవచ్చునా అన్నది! వకీలుకోసం జరిగిన వాదాన్ని వకీలు కాని ఖైదీ రాశాడు.

సాహిత్యం బోధించేవాణ్ణి కనక నాకు ఇందులో మరో అర్థం కనిపిస్తుంది. మనం పాఠాల్లో అక్షరం గొప్పతనాన్ని పొగుడుతూ ఉంటాం. అక్షరం బలం పూర్తిగా బయటపడేది ఇటువంటి చోటనే. తనకు జరిగినదాన్ని వరుస తప్పకుండా, తేదీలతో, కోపం అదుపులో పెట్టుకొని నాలుగు పుటల్లో చెప్పగలిగినవాడు న్యాయమూర్తి చేత చదివించుకోగలడు. చెప్పలేనివాడు అదే అన్యాయాన్ని మౌనంగా మొయ్యాలి. ఖైదీ సొంతంగా రాసుకున్న దరఖాస్తులోని భాషాదోషాలను పట్టించుకోకుండా భావం చూడాలని 1972లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, మంచి మాటే. కాని భావం చూడాలంటే ముందు కాగితం రావాలి. రాయటం రాని మనిషి దగ్గరనుంచి ఏ కాగితం వస్తుంది? తోటివానికి రాసిపెట్టే ఖైదీ చేస్తున్నది దానం కాదు. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. ఇవాళ నీ దరఖాస్తు, రేపు నాది. దీన్ని సంఘీభావం అంటారు.

ఇక కుటుంబం. ఖైదీనైనా కోర్టు విచారించింది. అతని తల్లినీ భార్యనూ పిల్లలనూ ఎవరూ విచారించలేదు, అయినా శిక్ష వాళ్లకూ పడింది. ఫెడరల్ జైళ్లు దేశమంతటా చెదిరి ఉన్నాయి. వీలైతే ఖైదీని ఇంటికి 500 మైళ్ల లోపల ఉంచాలని 2018 చట్టం అంటున్నది. దాన్ని ఒక సదుపాయంగా రాశారు. 500 మైళ్లంటే విశాఖపట్నం నుంచి చెన్నై అంత దూరం. కూలికి పోయే తల్లి ఆ దూరం ఎన్నిసార్లు వెళ్లి కొడుకును చూడగలదు? టెలిఫోనుకు మామూలుగా నెలకు 300 నిమిషాల పరిమితి. అంటే రోజుకు పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో కేసు సంగతి మాట్లాడాలా, పిల్లవాని జ్వరం సంగతి మాట్లాడాలా?

అయినా న్యాయపోరాటం భారమంతా చివరకు ఆ ఇంటి ఆడవాళ్ల మీదనే పడుతుంది. తీర్పు నకలు సంపాదించేది వాళ్లు, వకీళ్ల ఇళ్ల చుట్టూ తిరిగేది వాళ్లు, ఆశ అమ్ముకొనేవాళ్ల చేతిలో డబ్బు పోగొట్టుకొనేది కూడా వాళ్లే. చట్టం తెలియని ఆశకంటె తేలికగా దోచుకోదగిన వస్తువు లేదు. ఈ సంగతి గుర్తించే 1925లో ఏర్పడిన ఇంటర్నేషనల్ లేబర్ డిఫెన్స్ వకీళ్లను పెట్టటంతో ఆగకుండా ఖైదీలకూ వాళ్ల కుటుంబాలకూ నెలనెలా కొంత డబ్బు పంపేది. గంజాయి పెంచిన నేరానికి తమ్ముడు ఫెడరల్ జైలుకు వెళితే, జూలీ స్టూవర్ట్ అనే ఆమె 1991లో ఖైదీల కుటుంబాలను కూడగట్టి నిర్బంధ కనీస శిక్షలకు వ్యతిరేకంగా సంఘం స్థాపించింది. తమ్ముడు నిర్దోషి అని ఆమె వాదించలేదు. నేరానికి తగిన శిక్ష వెయ్యటానికి న్యాయమూర్తికి స్వేచ్ఛ ఉండాలన్నది. దోషి పక్షాన నిలబడే నైతిక ధైర్యం అంటే ఇదే.

ఇంతవరకూ వచ్చిన తర్వాత మిత్రులు రెండు ఆక్షేపణలు తెస్తారు. వర్గసమాజంలో న్యాయం వర్గన్యాయమే కనక, పేదవానికి వకీలునివ్వటం ఆ కుళ్లుకు సున్నం కొట్టటమే గదా అన్నది ఒకటి. ఎనిమిది గంటల పనిదినం కూడా ధనికవర్గ రాజ్యం చేసిన చట్టమే. దానికోసం కార్మికులు ప్రాణాలిచ్చారు; అది వచ్చినంత మాత్రాన పోరాటం మానలేదు. ధనవంతుడైన నేరస్థునికి వకీలు ఎప్పుడూ ఉంటాడు, జైలుకు వెళ్లినా వెంట వస్తాడు. పేదవానికి వకీలు లేకపోతే వర్గన్యాయం బలహీనపడదు. దాని పని మరింత చౌకగా, చప్పుడు లేకుండా జరుగుతుంది.

రెండవది బాధితుని మాట. నష్టపోయినవాని కన్నీళ్లకు విలువ లేదా? ఉంది. అతనికి సమాజం రుణపడి ఉన్నది నిజమైన తీర్పు, తగిన శిక్ష. తగినదానికంటె ఎక్కువ వేసిన ప్రతి ఏడూ అతని నష్టాన్ని ఏమీ పూడ్చదు. మా విద్యార్థి అడిగిన బడి లెక్కకూ ఇక్కడే జవాబుంది. ఫెడరల్ జైలులో ఒక ఖైదీని ఒక సంవత్సరం ఉంచటానికి నలభై వేల డాలర్లకు పైగా ఖర్చు. అన్యాయంగా సాగిన పదేళ్ల శిక్షలో ఎన్ని బడులు కరిగిపోయాయో లెక్కవేసుకోవచ్చు. దొంగ లెక్కకు కారణం దరఖాస్తు రాసిన వకీలు కాడు.

మన దేశంలో ఈ ప్రశ్నకు 1978లో సుప్రీంకోర్టు ఒక జవాబు చెప్పింది. హోస్కోట్ కేసులో ముద్దాయి విశ్వవిద్యాలయ అధ్యాపకుడు. దొంగ డిగ్రీ పట్టాలు తయారు చెయ్యబోయిన నేరానికి మూడేళ్ల శిక్ష పడింది. చదువు చెప్పేవాళ్లకు ఇంతకంటె సిగ్గుచేటైన నేరం ఉండబోదు. అయినా, కేరళలో 1957 నాటి కమ్యూనిస్టు మంత్రివర్గంలో న్యాయశాఖనూ జైళ్లశాఖనూ చూసిన వి.ఆర్. కృష్ణయ్యర్‌గారు న్యాయమూర్తిగా ఆ కేసులో ఏం చేశారు? ముద్దాయి అర్జీ కొట్టివేశారు. కొట్టివేస్తూనే, ప్రతి ఖైదీకీ తీర్పు నకలు ఉచితంగా, వెంటనే ఇవ్వాలనీ, అప్పీలుకు స్తోమత లేనివానికి వకీలును సమకూర్చాలనీ శాసించారు. దోషి ఓడిపోయాడు, హక్కు గెలిచింది. ఆ రెండూ ఒకే తీర్పులో ఇమిడాయంటే నేను చెప్పదలచిన విషయమంతా అందులో ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం కూడా నిర్బంధంలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా సహాయం ఇమ్మంటున్నది. మంచివాడా, చెడ్డవాడా అని అడగటం లేదు.

కాగితంమీద మన చట్టం అమెరికా చట్టంకంటె ఈ విషయంలో ముందున్నది. కాగితాన్ని జైలుగది దాకా తీసుకుపోయే మనుషులు కావాలి. మన హైకోర్టుల తీర్పులు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి. శిక్ష స్థిరపడిన మనిషి తల్లికి ఆ తీర్పులో ఏముందో, పై కోర్టుకు పోవటానికి ఎన్నాళ్ల గడువుందో తెలుగులో చదివి చెప్పటానికి వకీలు పట్టా అక్కరలేదు. ఉచిత న్యాయసహాయానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక అర్జీ రాసిపెట్టటానికి కూడా అక్కరలేదు. చదవటం, రాయటం, ఓపికగా వినటం వస్తే చాలు. ఇవి మన వృత్తిలో ఉన్నవే. రాజకీయ ఖైదీ ఇంటికి మనం పిలవకుండానే వెళుతున్నాం, వెళ్లాలి కూడా. ఆ వీధిలోనే, దొంగతనం కేసులో శిక్షపడినవాని ఇల్లు ఒకటుంటుంది. ఆ గుమ్మం కూడా ఎక్కాలి.